మొదటి అప్పు, మొదటి పరపతి



తొలకరి పడగానే విత్తనానికీ ఎరువుకూ చేతిలో సొమ్ము కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు చూసుకున్నంతకాలం ఆ బరువు మనకు తెలియదు. సేద్యం తన చేతికి వచ్చాక కుర్రవాడు మొదటిసారి బ్యాంకుకు వెళితే, అక్కడి అధికారి వేసే ప్రశ్న ఒకటున్నది. "ఇదివరకు ఎక్కడైనా అప్పు తీసుకొని తీర్చావా?" అని. "లేదండీ, నాకు ఎవరికీ పైసా బాకీ లేదు" అని కుర్రవాడు గర్వంగా చెబుతాడు. మంచి మాటే. కాని బ్యాంకు లెక్కలో అది సగం జవాబు మాత్రమే. బాకీ లేకపోవడం వేరు, తీసుకున్న బాకీని గడువులో తీర్చగలడని రుజువు వుండటం వేరు. ఆ రుజువు పేరే పరపతి. మొదటి అప్పు కూడా తీసుకోని యువ రైతు ఆ పరపతిని ఎట్లా సంపాదించుకోవాలో ఈనాడు చెప్పుకుందాం.

వెనుకటి రోజుల్లో పరపతి వూరి నోట వుండేది. ఫలానావారి అబ్బాయి అంటే షావుకారు కాగితం లేకుండానే సొమ్ము యిచ్చేవాడు. యిప్పుడు బ్యాంకువారు వూరిని అడగరు, కంప్యూటరును అడుగుతారు. రుణ సమాచార సంస్థలకు మన దేశంలో 2005లో చట్టం చేశారు. ఆ పని చేసే సంస్థలు నాలుగున్నాయి. అందులో సిబిల్ పేరు మీరు వినే వుంటారు. ఏ బ్యాంకులో ఎవరు ఎంత తీసుకున్నారు, ఏ వాయిదా ఏనాడు కట్టారు, ఏది తప్పారు అన్న వివరాలన్నీ ఆ సంస్థలకు చేరతాయి. వాటిని బట్టి మనిషికి 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తారు. బళ్లో మార్కుల వంటివే. ఎక్కువ వస్తే మంచిది.

మరి ఎన్నడూ అప్పు తీసుకోనివానికి ఎన్ని మార్కులు? సున్నా అనుకుంటారేమో. కాదు. పరీక్షే రాయనివానికి మార్కులు ఎక్కడివి? "చరిత్ర లేదు" అని మాత్రమే వస్తుంది. అది మచ్చ కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణం చేత మొదటిసారి వచ్చినవారి దరఖాస్తును తోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది. కేంద్ర ఆర్థిక శాఖ కూడా అదే సంవత్సరం ఆగస్టులో ఆ సంగతిని పార్లమెంటుకు తెలియజేసింది. అంతమాత్రాన అప్పు తప్పక యివ్వాలని కాదు. బ్యాంకువారు మీ పొలం కాగితాలూ, రాబడీ, ఖాతా నడిచిన తీరూ చూసి నిర్ణయిస్తారు. కాబట్టి అవి చక్కగా వుంచుకోవడం మన వంతు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. షావుకారు దగ్గర పదేళ్లపాటు తీసుకున్నది తీసుకున్నట్టు తీర్చినా, ఆ నిజాయితీ ఎక్కడా నమోదు కాదు. ఎరువుల కొట్టులో పంటకు పంట లెక్క సరిచేసినా అంతే. ఎండలో పడ్డ కష్టం కాగితం మీదకు రాకపోతే రేపు ట్రాక్టరుకో, బోరుకో పెద్ద అప్పు అడిగినప్పుడు ఆసరాకు రాదు. అందుకే మొదటి అప్పు చిన్నదైనా సరే, మీ పేర, నమోదయ్యే చోట తీసుకోవడం మేలు.

ఎట్లా మొదలుపెట్టాలి? ముందుగా మీ పేర పొదుపు ఖాతా తెరవండి. ధాన్యం సొమ్మూ, పాల సొమ్మూ ఆ ఖాతాలోనే పడేటట్టు చూసుకోండి. ఆధార్ కార్డులో, పాన్ కార్డులో, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు ఒకే తీరుగా వున్నదో లేదో సరిచూసుకోండి. ఒకచోట ఇంటిపేరు వుండి మరొకచోట లేకపోతే ఆ చిక్కు అప్పు రోజునే బయటపడుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండి, పొలం మీ పేర వుంటే కిసాన్ క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టండి. 1998లో మొదలైన ఈ పద్ధతిలో పంట పెట్టుబడికి అప్పు యిస్తారు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు పొలం తాకట్టు అడగనక్కరలేదని నియమం వచ్చింది. ఆవులూ గేదెలూ, గొర్రెలూ, చేపలూ పెంచేవారికి కూడా 2018-19 నుంచి ఈ కార్డు వర్తిస్తున్నది.

"పొలం మా నాయన పేర వున్నదే" అని కొందరు యువకులు అడుగుతారు. నిజమే, చాలా యిళ్లలో సంగతి అంతే. కౌలుకు చేసేవారికీ, నోటిమాట కౌలుదారులకూ కూడా కిసాన్ కార్డులో చోటున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల పంట సాగు హక్కు పత్రం పొందవచ్చు. నలుగురు మొదలు పదిమంది వరకు కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడి అప్పు అడగవచ్చు. అయితే సంఘంలో ఒకరు ఎగవేస్తే మిగతావారికీ దెబ్బే. తోటివారిని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఇవేవీ కుదరకపోతే కొంత సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేసి, దాని మీద చిన్న అప్పు తీసుకొని తీర్చడం మరొక దారి. వూరి సహకార పరపతి సంఘంలో సభ్యులైతే, అక్కడి అప్పు వివరాలు రుణ సమాచార సంస్థలకు చేరతాయా లేదా అని కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.

ఇక అసలు పని తీర్చడంలో వున్నది. లెక్క చూడండి. 2025-26లో కిసాన్ కార్డు మీద 3 లక్షల వరకు పంట అప్పుకు వడ్డీ నూటికి 7 రూపాయలు, సంవత్సరానికి. గడువులో తీర్చినవారికి అందులో 3 రూపాయలు రాయితీ. అంటే లక్ష రూపాయలకు ఏడాదికి 4,000 రూపాయలే. గడువు తప్పితే ఆ రాయితీ పోయి 7,000 అవుతుంది. గడువు దాటిన రోజులకు బ్యాంకువారి మామూలు వడ్డీ పడుతుంది. అదే లక్ష బయట నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున తెస్తే ఏడాదికి వడ్డీయే 24,000. గడువులో తీర్చినవానికి ఒక్క ఏడాదిలో 20,000 రూపాయలు మిగులు. పైగా పేరు పక్కన మంచి మార్కు. అప్పు పుచ్చుకున్న నాడే గడువు తేదీ అడిగి గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆ తేదీకి వారం ముందుగానే కట్టడం మంచి అలవాటు.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి విచారణా నమోదై, ఇతనికి సొమ్ము ఇబ్బంది వున్నదన్న అనుమానం కలుగుతుంది. నిమిషంలో అప్పు అని ఫోనులో వచ్చే తెలియని యాప్‌ల జోలికి పోవద్దు. బాకీలో కొంత మాఫీ చేయించుకొని ఒక్కసారిగా పరిష్కారం చేసుకుంటే, పూర్తిగా తీర్చినట్టు కాక, రాజీ కుదిరినట్టు రాస్తారు. తర్వాత వచ్చే బ్యాంకు దాన్ని చూస్తుంది.

హామీ విషయంలో నా అనుభవమే చెబుతాను. డిప్లొమా చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక మిత్రుడు మోటారు సైకిలు కొంటూ సంతకం పెట్టమన్నాడు. "సంతకమే గదా" అనుకొని పెట్టాను. రెండేళ్ల తర్వాత మా చెల్లెలి పెళ్లికి నేను అప్పు అడిగితే, ఒక బాకీ గడువు దాటివున్నదని చెప్పారు. అది మిత్రుని బాకీ. హామీ యిచ్చిన అప్పు నా పేర కూడా నమోదై వున్నదని నాకు ఆనాడే తెలిసింది. అతడు కట్టేవరకూ నా పని ఆగింది. పెళ్లికి సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాము. సంతకం పెట్టే ముందు ఆ అప్పు మీరే తీర్చగలరా అని ఒకసారి ఆలోచించుకోండి.

వాన ముంచి పంట పోతే? ఏం ముఖం పెట్టుకొని పోవాలని ఇంట్లో కూర్చోవద్దు. గడువు రాకముందే బ్యాంకుకు వెళ్లి చెప్పండి. ప్రభుత్వం మీ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించినప్పుడు, పంట అప్పు గడువును పొడిగించి వాయిదాలు మార్చే వీలు బ్యాంకు నియమాల్లో వున్నది. గడువు దాటి, బ్యాంకువారు వెతుక్కుంటూ వచ్చాక మాట్లాడటం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

మీ రుణ నివేదికను ఏడాదికి ఒకసారి ప్రతి సంస్థ నుంచీ ఉచితంగా చూసుకునే హక్కు 2017 నుంచి మీకున్నది. స్వయంగా చూసుకుంటే మార్కులు తగ్గవు. మీరు తీసుకోని అప్పు కనిపించినా, తీర్చినది బాకీగా వున్నా వెంటనే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. బాకీ తీర్చినప్పుడు రసీదూ, బాకీ లేదన్న పత్రమూ తప్పక తీసుకొని భద్రపరచుకోవాలన్నది అందుకే.

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మాట. మనం విత్తనశుద్ధి చేసి చూపించినట్టే, పంటకు ముందు ఒక పూట యువ రైతులను కూర్చోబెట్టి ఈ నివేదికను ఫోనులో తెరిచి చూపండి. పేర్లు సరిపోయాయో లేదో అక్కడే చూడండి. బ్యాంకు మేనేజరును కూడా పిలవండి. చదువురాని తండ్రి కూడా పక్కన వుంటే మరీ మంచిది. ఇంటి మాట ఇంట్లో కుదురుతుంది.

రైతు సోదరులారా! మొదటి యేడు చిన్న అప్పు తీసుకోండి, వాడవలసిన దానికే వాడండి, గడువుకు ముందే కట్టండి. రెండో యేడూ అంతే చేయండి. మూడో యేడు అదే బ్యాంకు గడపలో మీరు చెప్పే మాటకు కాగితం సాక్ష్యం పలుకుతుంది.