కోలారు బంగారమును, భూగర్భపు ఇనుమును

బెంగుళూరు వదలి చింతామణి చేరువారికి మొదట కానవచ్చునవి కొండబండలే. అంబాజీదుర్గమును, కైవారపు కొండలును బోడిగుండ్లతో నిలిచియుండును. నారేయణ యోగి తెలుగు పాటలు పాడిన నేల యిది. నేటికిని ఇచ్చట పెక్కిండ్ల తెలుగు వినవచ్చును. 2007 వరకు ఈ తాలూకా కోలారు జిల్లాలో చేరియుండెను. కోలారనగానే మనవారికి బంగారము తలపునకు వచ్చును. చింతామణి బండలను తలంచువారు లేరు. మా దృష్టిలో ఈ రెండును ఒకే కథలోనివి.

కమ్మరి కొలిమితో చెప్పిన ఆ కథ సులభముగా బోధపడును. ఇనుపరాతిని బొగ్గులతో కాల్చినప్పుడు ఇనుము ముద్దయై అడుగున చేరును. రాతిపదార్థము చిట్టెమై విడివడును. భూమియు నట్టిదే. సుమారు 456 కోట్ల యేండ్ల క్రిందట సౌరకుటుంబము పుట్టిన పిమ్మట, చిన్న గోళములు ఢీకొని కలియగా భూమి పెరిగెను. ఆ తాకిడుల వేడికి కరగెను. బరువైన ఇనుము నికెలును వెంటగొని నడిబొడ్డునకు దిగెను. తేలికయగు రాతిద్రవ్యము పైన నిలిచెను. ఆ రాతిద్రవ్యమే పలుమారులు మరల కరగి గట్టిపడగా, సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట, ఈ బండలేర్పడినవి.

ఇనుము ఎప్పుడు దిగినదో తెలిసికొనిన విధము ముచ్చటైనది. హాఫ్నియము రాతిని విడువదు. టంగ్‌స్టను ఇనుమును వెంబడించును. ఒక జాతి హాఫ్నియము కాలక్రమమున టంగ్‌స్టనుగా మారును గనుక, రాతిలో మిగిలిన టంగ్‌స్టనును బట్టి కాలము గణింతురు. భూమికి ఈ వేర్పాటు తొలి కొన్ని కోట్ల యేండ్లలోనే చాలవరకు ముగిసెను. కుజుడు చిన్నవాడు గనుక ఇంకను త్వరగా ముగించుకొనెను.

ఆ ఇనుమును కన్నులార చూచినవారు లేరు. భూకంప తరంగములవలన దాని యునికిని 1906లో వెల్లడించిన ఓల్డుహాము, మన దేశపు భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసి, 1897 నాటి అస్సాము భూకంపమును పరిశీలించినవాడు. ఆ లోహగోళము మన కాళ్ళక్రింద 2,900 కిలోమీటర్ల లోతున మొదలగును. భూమి బరువులో దాదాపు మూడవవంతు దానిదే. ఇనుప ఉల్కలలో పెక్కు, పగిలిపోయిన చిన్న గోళముల గర్భముల తునకలని శాస్త్రజ్ఞుల నిర్ణయము. 1870లో పార్వతీపురము ప్రాంతమున పడి, పట్టికలలో నెడగొల్ల అను పేర నెక్కినదియు ఇనుప ఉల్కయే.

ఇక చిక్కు బంగారముతో వచ్చినది. దానికి ఇనుముపై మక్కువ మెండు. ఇనుము దిగినప్పుడు పసిడియు, ప్లాటినమును దానితోనే దిగిపోవలెను. బహుభాగము దిగిపోయినది కూడ. మరి కోలారు బంగారము ఎచ్చటిది? పంక్తి లేచిన పిదప వచ్చిన చుట్టములవలె, ఇనుము దిగిన తరువాత పడిన శిలలు దానిని తెచ్చెనని యొక వాదము. అవి భూమి బరువులో నూటికి అరపాలు మాత్రమే. మిక్కుటమగు ఒత్తిడియందు ఆ మక్కువ తగ్గుననియు, కావున కొంత పైననే మిగిలెననియు మరియొక వాదము. అయినను రాతిలో మిగిలిన ప్లాటినము వర్గపు లోహముల పాళ్ళు ఉల్కలలోని పాళ్ళను దాదాపు పోలియుండుటచేత, మేము మొదటి దానివైపే మొగ్గుచున్నాము.

అట్లు చేరిన రవంత పసిడిని దాదాపు 270 కోట్ల యేండ్ల నాటి శిలల పగుళ్ళలో వేడినీరు కూడబెట్టెను. 1880 ప్రాంతమున పెద్దయెత్తున మొదలైన త్రవ్వకము 3 కిలోమీటర్ల లోతు దాటెను. దానిని తరుగని నిధి యని పొగడినవారు మనలో నుండిరి. సుమారు 800 టన్నులు తీసిన పిదప, 2001లో గనులు మూతబడెను. కార్మికులు వేలకొలది వీధిన పడిరి. దంచిన రాతిపిండి సయనైడు దిబ్బలై ఊరి నడుమ నేటికిని నిలిచియున్నది. గాలి వీచినప్పుడు దాని ధూళి గనిపనివారి యిండ్లలోనికి పోవుచున్నది. ఆ దిబ్బలలోను ఇంకను కొంత బంగారము కలదు.