పసివారి ఆవేశం – ఆక్యుపేషనల్ థెరపీ

జంషెడ్‌పూర్‌లో శ్రీరామనవమికి రెండు ముఖాలు. బిష్టుపూర్‌లో మన ఆంధ్రుల రామమందిరంలో పానకం, వడపప్పు, కల్యాణం. వీధుల్లో అఖాడాల జెండాలు, డప్పుల మోతతో సాగే ఊరేగింపులు. కొన్నేళ్ళ క్రితం ఆరేళ్ళ మా అబ్బాయిని భుజాన ఎక్కించుకొని ఊరేగింపు చూపించబోయాను. డప్పులు దగ్గర పడేసరికి వాడు చెవులు మూసుకొని, నా జుట్టు పీకి, కిందికి జారి నడివీధిలో పడి దొర్లనారంభించాడు. చుట్టూ సహోద్యోగులు, వారి కుటుంబాలు. ఆ అవమానభారంతో వాడి వీపు మీద రెండు దెబ్బలు వేశాను. వాడు ఊరుకోలేదు సరికదా, రాత్రి పదకొండు గంటల వరకు వెక్కుతూనే ఉన్నాడు.

అప్పటికే పాఠశాల నుండి ఫిర్యాదులు వస్తున్నాయి. వరుసలో నిలబడినప్పుడు పక్కవాడి చేయి తగిలితే తోసివేస్తాడు. రాసింది నచ్చకపోతే కాగితం చిరిగేదాకా చెరుపుతాడు. వచ్చే ఏడాదికి మరొక పాఠశాల చూసుకుంటే మంచిదేమోనని సూచనగా చెప్పారు కూడా. మేము దానిని మొండితనమనుకున్నాము. మా పెద్దలు గారాబమన్నారు. నా భార్య మాత్రం మరికొన్ని విషయాలు గమనించింది. గోళ్ళు తీయడం, తల దువ్వడం నిత్యం యుద్ధమే. చొక్కా కాలరుకు కుట్టిన లేబులు కత్తిరిస్తే గాని తొడుక్కోడు. కుక్కరు కూత వేస్తే వంటింటి వైపు రాడు. పిల్లల వైద్యుడు చెవులు, కళ్ళు పరీక్షించి, నిద్ర గురించి, పాఠశాలలో ఎవరైనా వేధిస్తున్నారా అన్న దాని గురించి వివరంగా అడిగి, ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవమన్నారు.

పేరు విని పొరపడరాదు

ఆక్యుపేషన్ అనగానే మనకు ఉద్యోగం స్ఫురిస్తుంది. ఆరేళ్ళవాడికి వృత్తి నేర్పడమేమిటని మా బావగారు నవ్వారు. ఇక్కడ ఆ మాటకు అర్థం మనిషి దినచర్యను నింపే పనులన్నీ. పసివాడి విషయంలో ఆటలాడడం, అన్నం తినడం, బొత్తాలు పెట్టుకోవడం, తరగతిలో కుదురుగా కూర్చోవడం, తోటివారితో మెలగడం అతని ఆక్యుపేషన్. ఆ పనులకు అడ్డు వస్తున్నదేమిటో గుర్తించి, పనుల ద్వారానే దానిని సరిదిద్దజూడడం ఈ చికిత్స సారాంశం.

ఈ విద్యకు మన ప్రాంతంతో పాత బంధుత్వమే ఉన్నది. రాంచీ సమీపాన కాంకేలో యూరోపియన్ రోగుల కోసం 1918లో ప్రారంభమైన మానసిక వైద్యశాలలో 1922లోనే ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఏర్పడింది. ఆనాటి సూపరింటెండెంట్ బర్క్‌లీ-హిల్ రోగులను బంధించి ఉంచడం కన్న వారి చేతులకు పని కల్పించడం మేలని నమ్మినవాడు. నేడు అది సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ. ఈ విద్యలో శిక్షణకు మన దేశంలో పునాది వేసినవారు అమెరికాలో పుట్టి మన ఇంటి కోడలైన కమలా నింబ్‌కర్. ఆమె 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పాఠశాల నెలకొల్పారు.

శరీరం ముందు, మాట తరువాత

పంచేంద్రియాలు మనకు తెలిసినవే. వాటికి తోడు మరి రెండింటిని థెరపిస్టు మాకు వివరించింది. ఒకటి లోపలి చెవిలో ఉండి శరీరపు తూకాన్ని, కదలికను తెలిపేది. రెండవది కండరాలు, కీళ్ళ నుండి మెదడుకు సమాచారం పంపేది. చీకటిలో కూడా ముద్ద నోటికే అందడానికి కారణం అదే. కాలిఫోర్నియాకు చెందిన జీన్ ఎయర్స్ ఈ సమాచారాన్నంతటినీ మెదడు ఎట్లా సమన్వయం చేసుకుంటుందో పరిశీలించి 1972లో ఒక గ్రంథం ప్రచురించారు. కొందరు పిల్లలకు మామూలు శబ్దం మోతగాను, మామూలు స్పర్శ గీరినట్లుగాను తోచవచ్చు. రోజంతా అట్టి ఒత్తిడిని భరించిన పసివాడు సాయంకాలం పెన్సిలు ముక్క విరిగినందుకు ఇల్లెగరగొట్టేస్తే, కారణం పెన్సిలు ఒక్కటే కాకపోవచ్చు.

కోపం పరాకాష్ఠలో ఉన్నవాడికి నీతిబోధ తలకెక్కదు. మేము చేసినదంతా అదే. "ఎందుకట్లా చేశావు? చెప్పు!" అని నిలదీసేవాళ్ళము. వాడికే తెలియనిదానిని ఏమని చెప్పగలడు? ముందు శరీరం నెమ్మదించాలి. అందుకు మొదట పెద్దవాళ్ళ గొంతు తగ్గాలి. ఇది వినడానికి సులువు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు కన్ను మూసినవాడికి ఎంత కష్టమో మన పాఠకులలో చాలామందికి చెప్పనక్కరలేదు.

ఆమె మాకిచ్చిన పనులలో సగం మన ఇళ్ళలో పూర్వం ఉన్నవే. బరువు మోయడం, నెట్టడం, లాగడం వంటివి చాలామంది పిల్లలను నెమ్మదింపజేస్తాయట. కనుక పాఠశాల నుండి రాగానే వాడు బియ్యం డబ్బా జరపడం, చిన్న బకెట్టుతో మొక్కలకు నీళ్ళు పోయడం, చపాతీ పిండి పిసకడం మొదలుపెట్టాడు. నాతో ఉప్పుమూట ఆట. ఉయ్యాల మెల్లగా, ఒకే లయలో. గిరగిరా తిప్పితే కొందరు మరింత రెచ్చిపోతారు. తల నిమరడం కన్న గట్టిగా అదిమి నూనె రాయడం వాడికి హాయి. తలంటిపోసే అమ్మమ్మలకు ఇది ఎవరు చెప్పారో! మంచానికి, బీరువాకు మధ్య రెండు దిండ్లు వేసి వాడికి ఒక మూల ఏర్పాటు చేశాము. అక్కడికి వాడు తానుగా వెళ్ళాలి. శిక్షగా పంపితే ఆ మూల పనికిరాకుండా పోతుందని ఆమె మరీమరీ హెచ్చరించింది.

మా ఇంటి అసలు చిక్కు నా షిఫ్టులు. నేను ఇంట్లో ఏ పూట ఉంటానో వాడికి అంతుబట్టేది కాదు. ఫ్రిజ్ మీద వారం పట్టిక అంటించి, నా ఉదయం డ్యూటీకి సూర్యుడిని, మధ్యాహ్నానికి సగం సూర్యుడిని, రాత్రికి చంద్రుడిని గీశాము. షిఫ్టు మారిన రోజుల్లో జరిగే రభస తొలి నెలలోనే చాలా తగ్గింది. ఇంత చిన్న కాగితానికి ఇంత శక్తి ఉంటుందని నేను ఊహించలేదు.

ఉద్వేగాలకు పేర్లు పెట్టడం తరువాతి మెట్టు. లీయా కైపర్స్ అనే అమెరికన్ థెరపిస్టు 2011లో ప్రచురించిన పద్ధతిలో నాలుగు రంగులుంటాయి. నీరసం, దిగులు నీలం, ప్రశాంతత ఆకుపచ్చ, అలజడి మొదలైతే పసుపు, అదుపు తప్పితే ఎరుపు. టాటానగర్ స్టేషనులో సిగ్నళ్ళు చూసి పెరుగుతున్న పిల్లవాడికి దీనిని వివరించనక్కరలేకపోయింది. ఏ రంగూ తప్పు కాదు. చెవులు వేడెక్కడం, పిడికిళ్ళు బిగుసుకోవడం పసుపుకు గుర్తులని వాడు నేర్చుకోవడానికి మాత్రం ఏడెనిమిది నెలలు పట్టింది.

ఆశకు హద్దు

ఈ చికిత్స సర్వరోగనివారిణి కాదు. ఇంద్రియ సమన్వయ చికిత్సలకు ఆధారాలు పరిమితమని, సమగ్ర చికిత్సలో భాగంగా వాడవచ్చునని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో పేర్కొన్నది. ఆటిజం గల 138 మంది పిల్లలపై బ్రిటన్‌లో జరిపి 2022లో వెల్లడించిన పరిశోధనలో, మామూలు సేవల కన్న ఇది అదనపు మేలు చేసినట్లు తేలలేదు. అందువల్ల నెలల తరబడి రుసుము చెల్లించే ముందు, ఏ పని, ఎంత కాలంలో మెరుగుపడాలో థెరపిస్టుతో కాగితం మీద రాయించుకోవడం వివేకం. మేము రాసుకున్నవి రెండే: గోళ్ళు తీయించుకోవడం, వరుసలో నిలబడడం. మొదటిది నాలుగు నెలల్లో సాధ్యమైంది. రెండవది నేటికీ సగమే.

ప్రభుత్వపరంగా 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఎదుగుదల లోపాల పరీక్షలు జరుగుతాయి. అవసరమైనవారిని జిల్లా స్థాయి కేంద్రాలకు పంపుతారు. మన వైపు వారికి కటక్ సమీపాన ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, సెలవులకు స్వస్థలం వెళ్ళేవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉన్నాయి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేరాయన్నది కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోదగినది.

పాఠశాలవారు తమ సూచనను ఉపసంహరించుకున్నట్లు ఎన్నడూ చెప్పలేదు. కాని వాడి తరగతి టీచరమ్మ మా మాట విని, రోజూ నోటుపుస్తకాల కట్టను స్టాఫ్ రూముకు మోసే బాధ్యత వాడికి అప్పగించింది. ఇప్పుడు వాడు అక్కడే మూడవ తరగతి చదువుతున్నాడు.

ఈ ఏడాది ఊరేగింపును మేడ మీది నుండి చూశాము. డప్పులు మలుపు తిరిగేసరికి వాడు నా చేయి లాగి "నాన్నా, పసుపు" అన్నాడు. లోపలికి వెళ్ళి తన మూలలో దిండు నెత్తిన పెట్టుకొని కూర్చున్నాడు. మోత దూరమయ్యాక బయటికి వచ్చి వడపప్పు మిగిలిందా అని వాళ్ళమ్మను అడిగాడు.