కథలో దాచిన మాట

జరిగిన సంగతి ఒక్కటే అయినను, చెప్పు తీరును బట్టి చదువరుల మనసున వేరువేరు భావములు కలుగుచుండును. గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' అను కథ ఇందుకు చక్కని నిదర్శనము.

గోపాలరావు చదువుకొన్నవాడు. భార్య కమలినిని ఇంట ఒంటరిగా విడిచి, పాట వినబోయి, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరెను. గది చీకటిగా ఉండెను, భార్య కనబడలేదు. ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రము దొరకెను. ఆమె పుట్టింటికి పోయినదని తలచి అతడు కలవరపడెను. తన తప్పు తెలిసికొని, ఆమెను తీసికొనివచ్చుటకై సేవకుడు రాముని పంపబూనెను. అంతలో మంచము క్రిందనుండి కమలిని నవ్వు వినవచ్చెను!

ఆమె అచటనే దాగియున్నదని రచయిత మొదటనే చెప్పియున్నచో ఏమగును? గోపాలరావు తొట్రుపాటును చూచి మనము నవ్వుదుము, అంతే. రచయిత అట్లు చేయక, గోపాలరావునకు తెలిసినంతయే మనకును తెలిపెను. చీకటిలో అతనితోపాటు మనమును వెదకుదుము. ఉత్తరము చూచి అతనితోపాటు దిగులుపడుదుము. అందుచేతనే అతని పశ్చాత్తాపము మన మనసును గూడ తాకును. భార్యను చులకన చేయరాదని రచయిత తాను ముందునకు వచ్చి ఉపదేశింపలేదు. ఆ సంగతి మనకే తట్టును.

కథను రెండవమారు చదివినచో మరియొక వింత. గోపాలరావు పలుకు ప్రతిమాటను మంచము క్రింద కమలిని వినుచున్నదని ఈసారి మనకు తెలియును; అందుచేత మొదట దిగులు కలిగించిన చోటనే నవ్వు వచ్చును. కథలో ఒక్క మాటయు మారలేదు. దేనిని ముందు చెప్పవలెను, దేనిని తుదివరకు దాచవలెను అను వివేకమే కథకుని నేర్పు.