ఎడిటింగ్ సిస్టమ్‌కు ప్రాసెసర్, మదర్‌బోర్డు ఎంచుకునేదెలా?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, “ఎన్ని కోర్లుంటే సరిపోతుందండీ?” అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: మీ పని ఎక్కడ ఆగిపోతోంది? టైమ్‌లైన్ మీదా, చివరి ఎక్స్‌పోర్ట్‌లోనా? కొనాల్సిన సరుకు దాన్నిబట్టే మారుతుంది.

టైమ్‌లైన్ ఎందుకు తడబడుతుంది?

4కె ఫ్రేమ్ ఒక్కదానిలో 3840 × 2160 పిక్సెళ్లు, అంటే దాదాపు 83 లక్షలు. కుదించకుండా దాచితే ఫ్రేమ్‌కు సుమారు 25 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేములంటే 620 ఎంబీ పైమాటే. అందుకే కెమెరా హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కుదిస్తుంది. మధ్యమధ్యలో ఒక పూర్తి బొమ్మను దాచి, ఆ తర్వాతి ఫ్రేముల్లో చాలావరకు మారిన భాగాన్నే రాసుకుంటుంది. మీరు సరిగ్గా తాళి కట్టే క్షణం దగ్గర కర్సర్ పెట్టారనుకోండి. కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి బొమ్మను పట్టుకుని, మార్పులన్నీ వరసగా కలుపుకుంటూ అక్కడికి రావాలి. మామూలుగా చూస్తే హాయిగా ఆడే ఫైలు ఎడిటింగ్‌లో మొరాయించేది ఇందుకే.

కోర్లు పెంచితే చాలదా?

కొంతవరకే. కుదించిన వీడియోను విప్పడానికే చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటే పని బాగా తేలికవుతుంది. ఇంటెల్‌లో 2011 నుంచి ఉన్న క్విక్ సింక్ అలాంటిదే. అది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ముడిపడి ఉంటుంది. కోర్ ఐ5 13400కు, 13400ఎఫ్‌కు 10 కోర్లే. కానీ చివర ఎఫ్ ఉన్నదానిలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. కాస్త తక్కువకు వస్తోందని ఎఫ్ తీసుకుంటే పోయేది ఇదే.

మామూలు 4:2:0 వీడియోను రైజెన్ 7000 వరసలో గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లు, విడి గ్రాఫిక్స్ కార్డులు కూడా చక్కగా విప్పుతాయి. రంగుల వివరాన్ని అంతకంటే ఎక్కువగా దాచే, కొత్త కెమెరాల 10 బిట్ 4:2:2 హెచ్.265 దగ్గరే తేడా తెలుస్తుంది. దానికి గ్రాఫిక్స్ ఉన్న 12వ తరం లేదా ఆపై ఇంటెల్ నమ్మకమైన దారి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 వరస కార్డులు కూడా దాన్ని విప్పుతాయి.

ఆల్బమ్ డిజైనింగే ప్రధానమైతే లెక్క వేరు. ఫొటోషాప్‌లో చాలా పనులకు ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రెండరింగ్ ఎక్కువగా ఉంటేనే అదనపు కోర్లకు, వాటికి తగ్గ ర్యామ్‌కు ఖర్చు పెట్టండి.

మదర్‌బోర్డుకు అంత విలువెందుకు?

కోర్ ఐ7 14700కెకు చెప్పే బేస్ పవర్ 125 వాట్లు. పూర్తి వేగంలో అది 253 వాట్ల వరకు లాగుతుంది. ఆ కరెంటును సరిచేసి అందించేది బోర్డులోని వీఆర్ఎం. అది బలహీనమైనదైతే గంటల తరబడి సాగే ఎక్స్‌పోర్ట్‌లో వేడెక్కుతుంది, దాంతో ప్రాసెసర్ వేగం పడిపోతుంది. ఖరీదైన చిప్ కొన్న ఫలితం దక్కదు. అందుకే వీఆర్ఎం మీద హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోండి.

సాకెట్ కూడా చూడాలి. ఎల్‌జీఏ 1700 బోర్డు ఇంటెల్ 12, 13, 14 తరాలతో ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5లో రైజెన్ 7000, 8000, 9000 మూడు వరసలూ కూర్చుంటాయి, ర్యామ్ మాత్రం డీడీఆర్5 ఒక్కటే. ఎల్‌జీఏ 1700లో కొన్ని బోర్డులు డీడీఆర్4, కొన్ని డీడీఆర్5. ఒక రకం ర్యామ్ ఇంకో రకం బోర్డులో పట్టదు.

సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఇంటెల్ కొంటుంటే బయాస్ అప్‌డేట్ తప్పనిసరి. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని తేలాక, 2024లో ఇంటెల్ దాన్ని సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చింది. అది బయాస్ అప్‌డేట్‌తోనే వస్తుంది.

కొనేముందు ఏం చేయాలి?

ఇప్పుడున్న సిస్టమ్‌లో మీ క్లిప్‌ను టైమ్‌లైన్ మీద ఆడిస్తూ టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ 100 శాతం దగ్గర నిలబడి, జీపీయూలోని వీడియో డీకోడ్ గీత కదలకుండా ఉంటే లోటు విప్పే భాగంలోనే. ముందు ప్రాసెసర్ ఎంచుకుని, దానికి తగ్గ బోర్డు చూడండి: నాలుగు ర్యామ్ స్లాట్లు, కనీసం రెండు ఎం.2 స్లాట్లు. 32 జీబీ ర్యామ్‌ను రెండు స్టిక్కులుగా వేయించండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకు వెళ్లినా, మీ కెమెరాలో తీసిన క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అక్కడి సిస్టమ్‌లో అది ఎడిటింగ్‌లో ఎలా ఆడుతుందో చూసి, డబ్బు ఆ తర్వాతే చేతికివ్వండి.