మెయిల్ సర్వర్‌కు కాపలా ఎక్కడ?

1999 మార్చి 26న 'మెలిస్సా' వైరస్ బయటపడింది. వర్డ్ పత్రంలో దాగివచ్చిన ఈ వైరస్, ఆ పత్రాన్ని తెరిచిన వారి చిరునామాల పట్టికలోని మొదటి 50 మందికి తనను తానే పంపుకొనేది. ఆ 50 మందీ తెరిస్తే 2,500 ఉత్తరాలు. వాటిని అందుకొన్నవారూ తెరిస్తే 1,25,000! ఈ వరదను తట్టుకోలేక అనేక సంస్థలు తమ మెయిల్ సర్వర్లను ఆపివేయవలసి వచ్చింది. ఉద్యోగుల కంప్యూటర్లలోనే కాక, ఉత్తరాలన్నీ వచ్చిచేరే సర్వర్‌లోనూ కాపలా అవసరమని అందరికీ తెలిసివచ్చింది.

అయితే ఆ కాపలా సర్వర్‌లో ఏ చోట ఉండాలి? మెయిల్ సర్వర్‌ను తపాలా కార్యాలయంతో పోల్చవచ్చు. అందులో ఉత్తరాలు వచ్చిపోయే ద్వారం ఒకటి, వాటిని భద్రపరచే గిడ్డంగి మరొకటి ఉంటాయి.

ద్వారం వద్ద

ఉత్తరాలు ఎస్‌ఎమ్‌టీపీ అనే నియమావళి ప్రకారం 25వ నంబరు పోర్టు ద్వారా సర్వర్‌కు చేరుతాయి. అటాచ్‌మెంట్ సాధారణంగా 'బేస్ 64' పద్ధతిలో, ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలుగా మారి వస్తుంది. కాబట్టి రక్షణ సాఫ్ట్‌వేర్ ముందు దానిని అసలు రూపానికి తెచ్చి, జిప్ ఫైలయితే విప్పి, ఆ తరువాతే వైరస్ జాడల కోసం వెదుకుతుంది. ప్రమాదమని తేలితే సర్వర్ ఆ ఉత్తరాన్ని స్వీకరించకుండా, 550 అనే సంకేతంతో తిప్పికొట్టగలదు.

గిడ్డంగిలో

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో ఎందరి ఉత్తరాలో ఒకే పెద్ద డేటాబేస్ ఫైలులో ఉంటాయి. ప్రతి మార్పూ మొదట లాగ్ ఫైలులో నమోదవుతుంది. మామూలు యాంటీవైరస్‌కు ఇది తెలియదు. ఒక ఉత్తరంలోని వైరస్ జాడను చూసి మొత్తం లాగ్ ఫైలునే వేరుచేసి బంధిస్తుంది. గొలుసులో ఒక లంకె తెగితే డేటాబేసే ఆగిపోవచ్చు. ఎలుక కోసం ఇంటికి నిప్పు పెట్టినట్లవుతుంది! అందుకే ఆ ఫోల్డర్లను ఫైళ్ల తనిఖీ నుంచి మినహాయించాలి. ఉత్తరాల తనిఖీని ద్వారం వద్ద ఉండే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి.

పరీక్ష ఎలా?

అమర్చిన తరువాత పరీక్షించడానికి నిజమైన వైరస్ అక్కరలేదు. 'ఐకార్' అనే 68 అక్షరాల హానిలేని ఫైలు ఇందుకే ఉంది. దానిని బయటి చిరునామా నుంచి ఒకసారి విడిగా, మరొకసారి జిప్ చేసి పంపి చూడాలి. రెండూ పట్టుబడితేనే కాపలా మేలుకొని ఉన్నట్లు.

మినహాయింపుకూ హద్దుంది

దాడులు ఉత్తరాల రూపంలోనే రావు. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లోని కొన్ని లోపాలకు సవరణలు విడుదల చేసింది. అప్పటికే దుండగులు సర్వర్‌లోని వెబ్ భాగం ద్వారా ప్రవేశించి తమ ప్రోగ్రాములను అక్కడ ఉంచుతున్నారు. ద్వారం వద్ద ఉత్తరాలను తనిఖీ చేసే కాపలాకు ఈ దొడ్డిదారి కనిపించదు. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థే, తాను గతంలో సూచించిన మినహాయింపుల్లో కొన్నింటిని తొలగించమని సలహా ఇచ్చింది.

కనుక సాఫ్ట్‌వేర్‌ను అమర్చడంతో పని ముగియదు. సవరణలను వెంటవెంటనే చేర్చాలి. కాపలాదారును ఎక్కడ చూడవద్దన్నామో ఆ జాబితాను కూడా అప్పుడప్పుడు తిరిగి పరిశీలించాలి.