ఉండడమా, వెళ్లడమా? దివిసీమ లైన్‌మన్ల ఇళ్లలో ఆరేళ్ల నాటి లెక్క

అవనిగడ్డ: ఇద్దరిదీ ఒకే ఊరు. ఒకే సంవత్సరం పుట్టారు. ఒకే రోజున టెలిఫోను శాఖలో ఉద్యోగం ఖాయమైంది. ముప్ఫయి ఏళ్లు ఒకే ఎక్స్ఛేంజిలో, ఒకే నిచ్చెన మోసుకుంటూ పనిచేశారు. ఒకరు కోడూరు వైపు లైన్లు చూస్తే, మరొకరు నాగాయలంక వైపు చూసేవారు. 2019 నవంబరులో ఇద్దరి ముందుకూ ఒకే కాగితం వచ్చింది. నాగాయలంక వైపు ఆయన ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. కోడూరు వైపు ఆయన ఉండిపోయారు.

ఉండిపోయిన ఆయన కూడా 2025 నవంబరు 30న అరవై నిండి పదవీ విరమణ చేశారు. ఇప్పుడు ఇద్దరూ పెన్షన్‌దార్లే. సాయంత్రం పూట పోస్టాఫీసు అరుగు మీద కలుస్తారు. ఆ కాగితం మాట ఏదో ఒక వేళ వస్తూనే ఉంటుంది.

అది భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ప్రకటించిన స్వచ్ఛంద పదవీ విరమణ పథకం. సంస్థను నిలబెట్టే చర్యలలో భాగంగా 2019 అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం దీనికి ఆమోదం తెలిపింది. 50 ఏళ్లు నిండిన సిబ్బంది అర్హులు. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు గడువు. ఆ నెల రోజులలో దేశంలో సుమారు 78,500 మంది వెళ్లిపోవడానికి ఒప్పుకున్నారు. అప్పటి సిబ్బంది దాదాపు లక్షన్నర కాబట్టి సగానికి పైగా అన్నమాట. 2020 జనవరి 31 సాయంత్రం వారందరూ ఒకేసారి ఇంటి ముఖం పట్టారు.

గాలివానలో మొదలైన సర్వీసు

ఈ ఇద్దరూ 1965లో పుట్టినవారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వచ్చినప్పుడు పన్నెండేళ్ల పిల్లలు. తరువాత టెలిఫోను శాఖలో రోజుకూలీ మజ్దూర్లుగా గుంటలు తవ్వారు, స్తంభాలు మోశారు. 1989లో సర్వీసు ఖాయమైంది. ఏడాది తిరక్కుండానే 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తుపాను తీరం దాటింది. స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. చద్దిమూటలు కట్టుకుని లంకలలో తిరుగుతూ తీగలు ఎత్తి కట్టామని ఇద్దరూ చెబుతారు.

ఆ రోజులలో లైన్‌మన్ అంటే ఊళ్లో మర్యాద వేరు. ఫోను పలకకపోతే ఆసామి స్వయంగా సైకిలు వేసుకుని లైన్‌మన్ ఇంటికి వచ్చేవాడు. మజ్జిగ ఇవ్వని గుమ్మం ఉండేది కాదు.

వీరి కంటే పెద్దవారు తంతి తపాలా శాఖలో చేరినవారు. 1985లో ఆ శాఖ రెండుగా విడిపోయింది. తపాలా ఒక వైపు, టెలికాం మరొక వైపు వెళ్లాయి. 2000 అక్టోబరు 1న టెలికాం సేవలు సంస్థ చేతికి వచ్చాయి. సిబ్బంది ప్రభుత్వోద్యోగం నుంచి సంస్థ ఉద్యోగంలోకి మారారు. ప్రభుత్వ పెన్షన్ మాత్రం నిలిచింది. ఆ పెన్షనే 2019లో ఈ ఇళ్లన్నిటికీ ఆధారమైంది.

జీతం రాని ఒకటో తారీకు

స్వచ్ఛందం అని పేరు పెట్టినా ఆ ఏడాది పరిస్థితి మనసును ఒక వైపుకే తోసింది. 2016లో ప్రైవేటు కంపెనీల 4జి వచ్చాక సంస్థ ఆదాయం పడిపోయింది. 2019 ఫిబ్రవరి జీతం మొట్టమొదటిసారిగా సమయానికి రాలేదు. ఆ తరువాతి నెలల్లోనూ ఇదే తంతు. కాంట్రాక్టు కార్మికుల గతి మరీ అధ్వాన్నం. వారికి నెలల తరబడి కూలి అందలేదు.

దీనికి వదంతులు తోడయ్యాయి. ఉండిపోయినవారికి 58 ఏళ్లకే విరమణ అని ఒకరు, దూర ప్రాంతాలకు బదిలీ తప్పదని ఇంకొకరు చెప్పేవారు. సిబ్బందిని భయపెట్టి పంపిస్తున్నారని ఉద్యోగ సంఘాలు ఆరోపించి నవంబరులో నిరాహార దీక్షలు జరిపాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లుగా ఆ నెల గడిచింది.

పలక మీద లెక్క

పథకం ప్రకారం చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం పరిహారంగా ఇస్తారు. జీతమంటే మూలవేతనం, కరువు భత్యం మాత్రమే. పైన ఒక పరిమితి కూడా ఉంది. దానితో పాటు 2020 ఫిబ్రవరి నుంచే పెన్షన్ మొదలవుతుంది.

ఈ ఇద్దరి సర్వీసు ముప్ఫయి ఏళ్లు. మిగిలింది అయిదేళ్ల పది నెలలు. ముప్ఫయి ఏళ్లకు 1,050 రోజులు, మిగిలిన కాలానికి దాదాపు 145 రోజులు. మొత్తం దాదాపు 40 నెలల జీతం. నెలకు 50 వేలు అనుకుంటే 20 లక్షలు. పెన్షన్ జీతంలో సగం చొప్పున 70 నెలలకు పదిహేడున్నర లక్షలు. రెండూ కలిపితే ముప్ఫయి ఏడున్నర లక్షలు. ఉద్యోగంలోనే ఉండి 70 నెలలు పనిచేస్తే వచ్చేది 35 లక్షలు.

అంటే పని చేస్తే వచ్చే దానికంటే ఇంట్లో కూర్చుంటే వచ్చేది ఎక్కువ! చాలా ఇళ్లలో లెక్క ఇక్కడితో ఆగిపోయింది.

కాని పలకకు రెండో వైపు కూడా ఉంది. ఉండిపోతే అయిదారు ఇంక్రిమెంట్లు కలుస్తాయి, కరువు భత్యం పెరుగుతుంది. చివరి జీతాన్ని బట్టి పెన్షన్ కాబట్టి బ్రతికినంత కాలం నెలనెలా ఎక్కువ వస్తుంది. వెళ్లిపోయినవారికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు వెంటనే రాదు, ఏళ్ల తరబడి ఆగాలి. పరిహారంలో అయిదు లక్షలకు మాత్రమే ఆదాయపు పన్ను మినహాయింపు. ఇవన్నీ సర్క్యులర్లలో ఉన్నవే. అయితే ఆ ఇంగ్లీషు సర్క్యులర్‌ను చివరిదాకా చదివినవారు తక్కువ. ఎక్కువ మంది ఎక్స్ఛేంజిలో చదువుకున్న గుమాస్తా చెప్పిన మాటనే నమ్ముకున్నారు.

అప్పు చెప్పిన తీర్పు

నాగాయలంక వైపు ఆయన ఇంట్లో ఈ లెక్కలేవీ పనిచేయలేదు. 2018లో కూతురి పెళ్లికి ఎనిమిది లక్షలు అప్పు చేశారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 16 వేలు వడ్డీకే పోయేది. జీతం ఇరవయ్యో తారీకున వచ్చినా వడ్డీ మాత్రం ఒకటో తారీకునే కట్టాలి. ప్రామిసరీ నోటు రాయించుకున్న మనిషి పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. దానికి తోడు స్తంభం మీద నుంచి జారిపడి దెబ్బతిన్న మోకాలు వానాకాలం వస్తే మొరాయించేది.

"ఏమయ్యా, ఉద్యోగం ఉందని ఊళ్లో పేరేగాని ఇంట్లోకి ఏం వస్తోంది? ఆ నోటు చింపేసిన రోజునే నాకు నిద్ర పడుతుంది" అన్నారట ఆయన భార్య. పథకం తెరిచిన మొదటి వారంలోనే ఆయన కంప్యూటరులో ఐచ్ఛికం నమోదు చేయించారు. పరిహారం రెండు విడతలుగా అందింది. మొదటి విడతతో అప్పు తీరిపోయింది. నోటు తెచ్చి పొయ్యిలో వేశారు.

కోడూరు వైపు ఆయనకు అప్పు లేదు. కొడుకు ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఉన్నాడు. అందరూ పెడుతున్నారని ఆయనా ఐచ్ఛికం నమోదు చేశారు. గడువులోగా వెనక్కి తీసుకునే వీలుంది. ఆ వీలు వాడుకునేలా చేసింది ఇంటావిడ.

"నెలనెలా వచ్చేది అన్నం. ఒక్కసారిగా వచ్చేది పెళ్లి భోజనం. ఇరవై లక్షలు వచ్చాయని తెలిస్తే మీ తమ్ముళ్లు, మా అన్నలు ఊరుకుంటారా? పిల్లవాడి చదువు అయ్యేదాకా మీరు కదలొద్దు" అని ఆమె పట్టుబట్టారు. గడువు రెండు రోజులు ఉందనగా ఆయన వెనక్కి తీసుకున్నారు. ఎక్స్ఛేంజిలో కొందరు వెర్రివాడని నవ్వారు. "బావా, మునిగే పడవలో నువ్వొక్కడివే కూర్చుంటావా?" అని నాగాయలంక వైపు ఆయన అడిగారు. "నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయిలే" అని ఈయన జవాబు.

వెళ్లినవారి రోజులు

పరిహారం చేతికి వచ్చేనాటికి దేశమంతా లాక్‌డౌన్. అప్పు పోగా మిగిలిన దానిలో కొంత పన్నుకు, కొంత ఇంటి శ్లాబుకు పోయింది. నాలుగున్నర లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేశారు. పెద్దల పొదుపు పథకంలో వేద్దామంటే దానికి 55 ఏళ్లు నిండాలి, ఆయనకు యాభై నాలుగే. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి నెలసరి పథకం వడ్డీ 7.6 శాతం నుంచి 6.6 శాతానికి తగ్గింది. ఆ లెక్కన నెలకు 2,475 రూపాయలు వచ్చేవి.

డబ్బు కంటే కష్టమనిపించింది ఖాళీగా కూర్చోవడం. ఎనిమిది గంటలకు చేయి సంచి కోసం గోడ మేకు వైపు వెళ్లేదట. ఏడాది తరువాత, ఫైబర్ లైన్లు వేసే కాంట్రాక్టరు వద్ద రోజుకూలీకి జాయింట్లు వేయడానికి వెళ్లారు. ముప్ఫయి ఏళ్లు తిరిగిన అవే దారులు. ఈసారి గుర్తింపు కార్డు లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. 1980లలో కూలీగా మొదలైన చోటికే మళ్లీ కూలీగా వచ్చానని ఆయన నవ్వుతూనే చెబుతారు.

ఉన్నవారి రోజులు

ఉండిపోయిన ఆయన పని సుఖంగా సాగలేదు. 2020 ఫిబ్రవరి 1 ఉదయం ఎక్స్ఛేంజికి వెళితే టీ తెప్పించడానికి మనిషి లేడు. ముగ్గురు నలుగురు చూసిన లైన్లు ఒక్కరి మీద పడ్డాయి. ఆ ఏడాదీ కొన్ని జీతాలు ఆలస్యంగానే వచ్చాయి. పాత రాగి కేబుళ్లు ఒకటొకటిగా చచ్చిపోయాయి. అమెరికాలో ఉన్న బిడ్డల ఫోను కోసం ఇంటి ఫోనే నమ్ముకున్న వృద్ధులు కొన్నాళ్లు ఫిర్యాదు చేసి, ఆ తరువాత ఫోను సరెండరు చేశారు. వారికి జవాబు చెప్పలేక సందు మార్చి వెళ్లిన రోజులున్నాయని ఆయన ఒప్పుకుంటారు.

క్రమంగా సంస్థ కుదుటపడింది. 2022 జూలైలో కేంద్రం 1.64 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. 2024 అక్టోబరు, డిసెంబరు మధ్య మూడు నెలలకు 262 కోట్ల లాభం వచ్చింది. 17 ఏళ్లలో అదే మొదటి లాభం. ఏళ్ల తరబడి ఎదురుచూసిన స్వదేశీ 4జి సేవలను 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు. ఆ వార్త వచ్చేసరికి కోడూరు వైపు ఆయనకు సర్వీసు రెండు నెలలు మిగిలింది.

ఆ రెండు నెలలలోనే మొంథా తుపాను వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. దివిసీమలో వరి నేలకు ఒరిగింది. 1990 తుపానుతో మొదలైన సర్వీసు మరో తుపానుతో ముగిసింది. అప్పుడు గుంపుగా వెళ్లారు. ఈసారి తెగిన ఫైబరు వెతకడానికి ఉద్యోగి ఒక్కరు. తోడు వచ్చింది కాంట్రాక్టరు మనిషి. ఆ కాంట్రాక్టరు మనిషి ఎవరో కాదు, నాగాయలంక వైపు ఆయనే. ఇద్దరూ ఒకే నిచ్చెన పట్టుకున్నారు.

ఎవరి లెక్క ఒప్పు?

ఇప్పుడు చూస్తే కోడూరు వైపు ఆయన పెన్షన్ నెలకు ఎక్కువ. కొడుకు చదువు పూర్తయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నాగాయలంక వైపు ఆయన పెన్షన్ తక్కువ, కాని అప్పు లేదు. ఆరేళ్లు అదే వడ్డీ కట్టి ఉంటే దానికే పదకొండు లక్షలకు పైగా పోయేది. మళ్లీ ఆ కాగితం వస్తే ఏం చేస్తారంటే ఇద్దరూ మునుపు చేసిందే చేస్తామంటారు.

ఒకే జీతం, ఒకే సర్వీసు, ఒకే పథకం. ఒక ఇంటికి వెళ్లడం మేలు చేసింది, ఇంకొక ఇంటికి ఉండడం మేలు చేసింది. తేడా సర్క్యులర్‌లో లేదు, ఇంట్లో ఉంది. కొంపలో అప్పు ఎంత, చదువుకునే పిల్లలు ఎందరు, ఒంట్లో ఓపిక ఎంత అన్నవే తీర్పు చెప్పాయి. పక్కవాడు పెట్టాడని పెట్టినవారు, పక్కవాడు మానాడని మానినవారు మాత్రం ఇద్దరూ నష్టపోయారని ఈ ఇద్దరి మాట. ఏ సంస్థలోనైనా రేపు ఇలాంటి కాగితం అందుకునేవారు ముందు తెలుగులో చదివి చెప్పే మనిషిని వెతుక్కోవాలని, ఆ తరువాత ఇంటావిడతో కూర్చుని అప్పుల చిట్టా రాసుకోవాలని వారు సలహా ఇస్తున్నారు.

గత నవంబరులో నాగాయలంక వైపు ఆయన ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రం కోసం పోస్ట్‌మన్ ఇంటికి వచ్చాడు. వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే రెండుసార్లు పడలేదు. ముప్ఫయి ఏళ్ల రాగి తీగలకు గీతలు అరిగిపోయాయి. మూడోసారి పడింది. ప్రక్కనే కూర్చున్న కోడూరు వైపు ఆయన తన వేళ్లు కూడా ఒకసారి చూసుకున్నారు. వచ్చే నవంబరుకు ఆయన వంతు.