గెలిచినామె పేరేమిటి?

2024 సెప్టెంబరు. బుడాపెస్ట్‌ చెస్‌ ఒలింపియాడ్‌లో మన అమ్మాయిలు తొలిసారి స్వర్ణం గెలిచారు. ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్య, వంతిక, తానియా గెలిచిన ఆ కప్పుకు ఒక పేరుంది: వెరా మెంచిక్‌ కప్పు. మన గుంటూరు అమ్మాయి హారిక చేతికందిన కప్పు అది. ఎవరీ వెరా అని మనం అడిగామా?

వెరా 1906లో మాస్కోలో పుట్టింది. తండ్రి చెక్‌ దేశస్థుడు, తల్లి ఇంగ్లిష్‌ ఆవిడ. తొమ్మిదేళ్లకు తండ్రే ఆట నేర్పాడు. రష్యా విప్లవంలో ఆస్తి పోయింది, తల్లిదండ్రులు విడిపోయారు. 1921లో తల్లి, చెల్లెలితో కలిసి ఇంగ్లండులోని హేస్టింగ్స్‌కు చేరింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పదిహేనేళ్ల పిల్లకు అక్కడి భాష సరిగ్గా రాదు. మాటలతో పని లేని ఆట చదరంగం. ఊళ్లోని చెస్‌ క్లబ్బులో చేరింది. హంగేరీ దిగ్గజం గేజా మరోట్సీ దగ్గర మెళకువలు నేర్చుకుంది. 1927లో లండన్‌లో మొట్టమొదటి మహిళా ప్రపంచ చాంపియన్‌షిప్‌ పెడితే పదకొండు ఆటల్లో పది గెలిచి, ఒకటి డ్రా చేసింది. ఆ కిరీటం ఆమె చనిపోయేదాకా మరొకరికి దక్కలేదు.

మగవాళ్లతో ఆడినప్పటి కథ వేరు. 1929లో కార్ల్స్‌బాడ్‌ టోర్నీకి ఇరవై ఇద్దరు ఆటగాళ్లు వచ్చారు. వాళ్లలో ఆడమనిషి వెరా ఒక్కతే. ఈమె చేతిలో ఓడినవాళ్లతో ‘వెరా మెంచిక్‌ క్లబ్బు’ పెడదామని వియన్నా మాస్టర్‌ ఆల్బర్ట్‌ బెకర్‌ నవ్వుతూ అన్నాడట. ఆ టోర్నీలోనే ఆమె చేతిలో ఓడిపోయి క్లబ్బులో తనే మొదటి సభ్యుడయ్యాడు. తర్వాత మేటి ఆటగాడు రెషెవ్‌స్కీ చేరాడు, సుల్తాన్‌ ఖాన్‌ చేరాడు. 1935లో ప్రపంచ చాంపియన్‌ అయిన మాక్స్‌ యూవే హేస్టింగ్స్‌లో రెండుసార్లు ఓడాడు.

కార్ల్స్‌బాడ్‌లో వెరాకు దక్కింది చివరి స్థానం. అదీ చెప్పాలి. కానీ అదే ఏడాది రామ్స్‌గేట్‌ టోర్నీలో దిగ్గజం కాపాబ్లాంకా కన్నా అర పాయింటే వెనకబడి, రూబిన్‌స్టీన్‌తో సమానంగా రెండో స్థానంలో నిలిచింది. బెకర్‌ పరిహాసం ఇప్పటికీ ఊరూరా తిరుగుతోంది, రామ్స్‌గేట్‌ మాత్రం ఎవరికీ గుర్తులేదు. నన్ను బాధపెట్టేది ఇదే. ఓడిన మగవాళ్ల జాబితా కంఠతా వస్తుంది. గెలిచినామె ఎలా ఆడేదో, తొందరపడకుండా ఎదుటివాడి ఎత్తులకు చోటు లేకుండా ఎలా బిగించేదో చెప్పేవాళ్లు తక్కువ.

1944 జూన్‌లో లండన్‌లో ఆమె ఇంటిమీద జర్మన్ల వి-1 బాంబు పడింది. వెరా, తల్లి, చెల్లెలు ముగ్గురూ పోయారు. ఆమెకప్పుడు 38 ఏళ్లు.

ఆమె చేతిలో రెండుసార్లు ఓడిన యూవే మన కథలోకీ వస్తాడు. 1976లో ముంబయికి చెందిన పదమూడేళ్ల రోహిణి ఖాడిల్కర్‌ జాతీయ పురుషుల చాంపియన్‌షిప్‌లో ఆడతానంది. పెద్ద దుమారం రేగింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అప్పుడు ప్రపంచ చెస్‌ సమాఖ్య అధ్యక్షుడు యూవేనే. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఆడవాళ్లను అడ్డుకోవడానికి వీల్లేదని తేల్చి చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు హేస్టింగ్స్‌ బల్ల అవతల కూర్చున్న వెరా గుర్తొచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

2002లో గుడివాడ అమ్మాయి కోనేరు హంపి పదిహేనేళ్ల ఒక నెల 27 రోజులకే గ్రాండ్‌మాస్టర్‌ అయింది. హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల కడుపుతో బల్ల ముందు కూర్చుని ఆడింది. జట్టు కాంస్యం తెచ్చింది. రోహిణి కోసం తెరిపించిన తలుపు వీళ్లకు మళ్లీ తట్టాల్సిన పని లేకపోయింది.

   

మళ్లీ హేస్టింగ్స్‌కే వెళ్దాం. 1933లో బ్రిటిష్‌ మహిళా చాంపియన్‌షిప్‌ అక్కడే జరిగింది. పంజాబ్‌ జమీందారు సర్‌ ఉమర్‌ హయాత్‌ ఖాన్‌ లండన్‌ ఇంట్లో పనిచేసే ఫాతిమా ఆ పోటీలో ఆడింది. అంతకు రెండేళ్ల ముందే అంతర్జాతీయ పద్ధతి చదరంగం నేర్చుకుంది. పది ఆటలు గెలిచి, ఒకటి డ్రా చేసి, రెండో స్థానంలో ఉన్నామెకన్నా మూడు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంది. వెరా చేతిలో ఓడిన సుల్తాన్‌ ఖాన్‌దీ అదే ఇల్లు, అదే కొలువు. ఆ ఏడాది పురుషుల కిరీటం అతనిది. 1933 చివర్లో యజమానితోపాటు ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఫాతిమా పోటీల ఆట అంతటితో ఆగిపోయింది.

2024 ఫిబ్రవరిలో, బుడాపెస్ట్‌ స్వర్ణానికి ఏడు నెలల ముందు, సుల్తాన్‌ ఖాన్‌కు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్‌ బిరుదు ప్రకటించారు. ఆలస్యమైనా న్యాయమే జరిగింది. పాత ఫలితాల పట్టికల్లో ఆమె మాత్రం ఇప్పటికీ ‘మిస్‌ ఫాతిమా’.